పేటంతా తుమ్మిన పొద్దు

ఎలీసమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె ముక్కు గురించి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు అలీ సాహెబ్ గారి మిరపకాయల కొట్లో తొడిమలు తీసిన మనిషి. కొత్త కూలీలు ముక్కుకి కొంగు కట్టుకుని కూడా తుమ్మి చచ్చేవాళ్ళు. ఈమె మాత్రం ఆకూ వక్కా నములుతూ కూర్చునేది. "నా ముక్కు ఎప్పుడో పోయిందర్రా, దేవుడి దయవల్ల నోరు మిగిలింది" అనేది. ఆ నోరు మిగలబట్టే పర్చూరు పక్కన ఆ పేట ఆ ఏడు బతికి బట్టకట్టింది.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. రైతే నెత్తిన చెయ్యి పెట్టుకుంటే ఇక కూలిని పిలిచేదెవరు? చాలా ఇళ్ళల్లో పొయ్యిలో పిల్లి లేవడం మానేసింది. ఎలీసమ్మ ఇంటింటికీ తిరిగింది. "ఎసట్లో పోసేముందు పిడికెడు పక్కన పెట్టండి. పిడికెడు తగ్గితే ఎవరూ చావరులే" అంది. చర్చి పక్కన విరిగిన బెంచీలు పడేసే గదిని ఖాళీ చేయించి బియ్యం గది చేసింది.

దానికో కట్టుబాటు పెట్టింది. శనివారం సాయంత్రం పేటలో ప్రతి ఇల్లూ మూత పెట్టిన గిన్నెతో రావాలి. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళాలి. ఉన్నవాళ్ళు పోస్తారు, లేనివాళ్ళు తీసుకుంటారు, మళ్ళీ మూతతోనే బయటికి వస్తారు. ఎలీసమ్మ గుమ్మంలో వీధివైపు తిరిగి నిలబడేది. ఆకలికి ఓర్చుకున్న మనిషి కూడా మాటకి ఓర్చుకోలేదని ఆమెకి తెలుసు.

అందులోనూ ఆదెమ్మ సంగతి. పత్తితీతలో నలభై మంది ఆడవాళ్ళు ఆదెమ్మ వెనక నడిచేవాళ్ళు. మంచాన పడ్డ మొగుడు, ముగ్గురు మనవలు. "ఒకరి ముందు కొంగు చాపాల్సొస్తే ఆ పూటే ఊరొదిలి పోతా" అన్న మనిషి. ఆమె గిన్నెలో బియ్యం వస్తున్నాయో పోతున్నాయో ఎవరికీ తెలియదు.

మూడో వారానికి కుండలు చాలలేదు. అలీ సాహెబ్ గారు పాత మిరపకాయల గోతాలిచ్చి, "బాగా ఉతికి వాడు ఎలీసమ్మా" అని మరీ చెప్పారు. ఈమె దులిపింది, వాసన చూసింది. ఏ ఘాటూ తగల్లేదు. ఉతక్కుండానే బియ్యం పోసేసింది. ఎట్లా తగులుతుందండీ, ఆ ముక్కుకి!

ఆదివారం పొద్దున ఆడవాళ్ళు బియ్యం చెరుగుతున్నారు. ఒకింట్లో "హాచ్!" ఇంకో ఇంట్లో "హాచ్!" బోరింగు దగ్గర బిందెలు పట్టుకున్నవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఏ గడపలో తుమ్మితే ఆ గడపలో గది బియ్యమే! బోరింగు దగ్గరే ఉన్న ఎలీసమ్మకి ఉతకని గోతాలు గుర్తొచ్చాయి. అంతలో ఆదెమ్మ ఇంట్లోంచి ఒకటి కాదు, వరసగా నాలుగు తుమ్ములు.

చేతిలో చేటతో, ఎర్రబడ్డ కళ్ళతో ఆదెమ్మ గుమ్మంలోకి వచ్చింది. "మూత తియ్యనన్నావు కదే, ఎలీసమ్మా" అంది. లోపలికి పోయి తలుపేసుకుంది. ట్రంకుపెట్టె ఈడుస్తున్న చప్పుడు వినబడింది.

ఎలీసమ్మ "హాచ్!" అంది. అంత దొంగ తుమ్ము ప్రపంచంలో ఇంకోటి ఉండదు. ఎవరూ నవ్వలేదు. వారం వారం గిన్నె నిండా పోసే అంకమ్మ బిందె దించి, "హాచ్! మా ఇంట్లోనూ ఆ బియ్యమే పిన్నీ, పాడు ఘాటు!" అని గట్టిగా అరిచింది. బోరింగు దగ్గరున్నవాళ్ళంతా అందుకున్నారు. రోడ్డవతల నుంచి ఇదంతా చూసిన అలీ సాహెబ్ గారి భార్య కరీమున్ ఊరుకుందా? దోసెడు ఎండుమిరపకాయలు తెచ్చి బోరింగు పక్కింటి పొయ్యిలో పోసింది. ఇక చూసుకోండి! పాస్టరు గారితో సహా పేటంతా ఒకటే తుమ్ములు. ఎవరు తిన్నారో, ఎవరు పెట్టారో చెప్పమనండి చూద్దాం.

ఆదెమ్మ తలుపు తీసింది. తుమ్ముతూ, నవ్వుతూ, ఏడుస్తూ అక్కడే గడప మీద కూలబడింది.

తరవాతి శనివారం ఆదెమ్మే అందరికంటే ముందు వచ్చింది. గుమ్మంలో నిలబడి, పేటంతా చూస్తుండగా గిన్నె మూత తీసింది. ఖాళీ గిన్నె. "ఈ వారం నాకు లేవు, తీసుకుంటున్నా. పత్తి వచ్చిన ఏడు పోస్తా" అంది. వెనక ఆమె ముఠా ఆడవాళ్ళు ఒక్కొక్కరే మూతలు తీశారు.

ఎలీసమ్మ అలవాటు కొద్దీ వీధివైపు తిరిగే ఉంది. కళ్ళూ ముక్కూ కారిపోతున్నాయి.

"ఏంటే, ఏడుస్తున్నావా?" అంది ఆదెమ్మ.

"ఏడుపేంటి నీ మొహం, గోతాల ఘాటు!" అంది ఎలీసమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.