ఆమెన్ చెప్పేవాడు లేని ప్రార్థన

ఆ రోజుల్లో, అంటే కేబుల్ టీవీ తీగలు మా క్వార్టర్ల మేడల మీదికి అప్పుడప్పుడే పాకుతున్న తొంభైల తొలినాళ్లలో, ఢిల్లీ కంటోన్మెంటులో పెరిగే పిల్లల స్నేహాలు రైల్లో రిజర్వు చేసుకున్న బెర్తుల వంటివి. గమ్యం వచ్చేవరకు చోటు మనదే, ఆ తరువాత మరొకరిది. ఏ నాన్నకు ఎప్పుడు బదిలీ ఉత్తర్వు వస్తుందో తెలియని ఆ లోకంలో మా వాలీబాల్ జట్టు ఒక కఠినమైన ఆచారాన్ని పాటించేది. ఎవరి ఇంట్లోనైనా ట్రంకుపెట్టెలకు నల్లరంగు వేస్తున్నారని తెలిస్తే (బదిలీ అయిన సైనికుడి ఇంట్లో జరిగే మొదటి పని అదే, పాత చిరునామా మీద రంగు పూసి కొత్తది రాస్తారు), మర్నాటి నుంచే వాడి స్థానంలో ఇంకొకణ్ణి తయారు చేసేవారు. ఇందులో ద్వేషమేమీ లేదు. వెళ్లిపోయేవాడి మీద ప్రాక్టీసు వృథా చేయడమెందుకన్నది జట్టు సిద్ధాంతం. పదకొండో తరగతి చదువుతున్న నేను కూడా ఆ సిద్ధాంతాన్ని మనస్ఫూర్తిగా సమర్థించేవాణ్ణి, సైన్యం సిగ్నల్స్ విభాగంలో హవల్దారైన మా నాన్నకు జోధ్‌పూర్ బదిలీ వచ్చేవరకు.

ఫైనల్ మ్యాచ్ ఇంకా మిగిలి ఉంది. అది ముగిశాకే మా ప్రయాణం. అందుచేత జట్టులో ఎవరికీ చెప్పలేదు. పెట్టెలకు ఇంటి ముందు కాక వెనక వరండాలో రంగు వేయమని నాన్నను బతిమాలాను. ("దొంగసొత్తు దాస్తున్నట్టుందిరా" అని ఆయన సణిగారు, కాని ఒప్పుకున్నారు.) జట్టులో నేను సెట్టర్ని. అంటే నెట్ పక్కన నిలబడి, తోటివాళ్లు అందుకున్న బంతిని కొట్టేవాడికి అనువైన ఎత్తుకు లేపి ఇవ్వడం నా పని. కొట్టడం, పేరు తెచ్చుకోవడం వేరొకరి పని. అయినా ఆ స్థానం పోతుందంటే నాకు నిద్ర పట్టలేదు. మ్యాచ్‌కు ముందు నెట్ ఎత్తును టేపుతో కొలిచి, ఒక అంగుళం తగ్గినా ఆట మొదలుకానివ్వని మనిషిని నేనొక్కణ్ణే కదా!

ఇక మా ప్రార్థన గురించి చెప్పాలి. మా కెప్టెన్ గోదావరి జిల్లా నుంచి వచ్చిన నర్సు ఆంటీ కొడుకు. వాణ్ణి అందరూ పాస్టర్ అని పిలిచేవారు. వాళ్లింట్లో సాయంత్రాలు కుటుంబ ప్రార్థన జరిగే పద్ధతినే వాడు జట్టులోనూ ప్రవేశపెట్టాడు. ఆరుగురం గుండ్రంగా నిలబడి, చేతులు పట్టుకుని, కళ్లు మూసుకోవాలి. మొదలుపెట్టినవాడు తన ప్రార్థన ముగించి కుడిపక్కవాడి చెయ్యి నొక్కుతాడు. అంటే ఇప్పుడు నీ వంతని అర్థం. చెప్పుకోవలసింది ఉన్నవాడు చెప్పుకుంటాడు, లేనివాడు తన పక్క చెయ్యి నొక్కి ఊరుకుంటాడు. నొక్కు చుట్టూ తిరిగి మొదటివాడికి చేరగానే అతడు ఆమెన్ అంటాడు, అందరం అంటాం, కళ్లు తెరుస్తాం. జట్టులో సర్దార్ ఉన్నాడు, గఢ్‌వాలీ ఉన్నాడు, మలయాళీ ఉన్నాడు. ఎవరి దేవుణ్ణి వారు తలచుకోవచ్చునని పాస్టర్ ఉదారంగా ప్రకటించాడు. కాని ఆ అవసరం ఎన్నడూ రాలేదు. మా చీలమండల దగ్గర నుంచి అంపైర్ కంటిచూపు వరకు వాడే సమగ్రంగా ప్రార్థించేవాడు కనుక, మిగిలిన అయిదుగురం చేతులు నొక్కడంలో మాత్రమే ప్రావీణ్యం సంపాదించాం.

ఫైనల్ ఫరీదాబాద్‌లో, ఒక ఫ్యాక్టరీ కాలనీ మైదానంలో. డిసెంబరు నెల. మేము బస్సు కోసం నిలబడి ఉండగా నర్సు ఆంటీ స్వెటరు మీద శాలువా కప్పుకుని ఆదరాబాదరాగా వచ్చింది.

"వాడికి ఆటలమ్మ పోసింది బాబూ! ఒళ్లంతా పొక్కులే. అయినా మంచం మీంచి ఒకటే గొడవ, ప్రార్థన మానొద్దని చెప్పు, ప్రార్థన మానొద్దని చెప్పు అని. ఎవరు చేయిస్తారు మరి?"

"మేం చూసుకుంటాం ఆంటీ."

"చూసుకోడం కాదు నాయనా, నోరు తెరిచి చెయ్యాలి. అవునూ, మీ ఇంటి వెనకనించి ఒకటే పెయింటు వాసన. ఏం రంగులేయిస్తున్నారూ?"

"కిటికీలకండీ," అన్నాను, బస్సు ఇంకా ఆగకముందే ఎక్కేస్తూ.

పాస్టర్ స్థానంలోకి అదనపు ఆటగాడు వచ్చాడు. కెప్టెన్సీ సర్దార్ కుర్రాడికి సంక్రమించింది. (వాడి పొడవు కారణంగా పేరు లంబూ. ఎవరూ ఆ పేరు కోసం శ్రమపడలేదు.) పొగమంచు వల్ల బస్సు ఆలస్యమై, మేము చేరేసరికి ఎండ నీరసించిపోయింది. అంపైర్‌గా కాలనీ బడిలో హిందీ చెప్పే మాస్టర్‌జీ నిలబడ్డారు. ఆయన ఆకాశం వంక, మా వంక ఒకే రకమైన అసంతృప్తితో చూశారు.

"ఇధర్ దీపాల్లేవు, బేటా. రోశ్‌నీ గయీ తో మ్యాచ్ గయా, వెలుతురు పోతే ఆట లేనట్టే. కప్పు పోయినేడు గెలిచినవాళ్ల దగ్గరే ఉంటుంది."

పోయినేడు గెలిచింది ఫరీదాబాద్ వాళ్లే. మ్యాచ్ జరగకపోతే జట్టుకు కప్పు పోతుంది, నాకు ఆటే పోతుంది. మరో ఆదివారం ఆడదామన్నా అప్పటికి నేను జోధ్‌పూర్ ఇసుకలో ఉంటాను.

"జల్దీ, జల్దీ! ప్రార్థనా!" అన్నాడు లంబూ. గుండ్రంగా నిలబడ్డాం. కళ్లు మూసుకున్నాం. లంబూ ఏదో చెబుతాడని ఎదురుచూశాం. ఏ శబ్దమూ లేదు. వాడికి కుడిపక్కనున్న నా చేతి మీద నొక్కు పడింది. మౌనంగా ప్రార్థించి ఉంటాడనుకుని, అలవాటు ప్రకారం నా పక్కవాడికి అందించాను. అతడు మరొకడికి అందించాడు. ఇక ఆమెన్ వినబడాలి. వినబడలేదు. దానికి బదులు నా చేతి మీద మళ్లీ నొక్కు పడింది. మళ్లీ అందించాను. మూడో చుట్టో నాలుగో చుట్టో వచ్చేసరికి నాకు విషయం బోధపడింది. వలయం పూర్తిగా ఉంది, విద్యుత్తు నిరాటంకంగా ప్రవహిస్తోంది, బల్బు మాత్రం ఎక్కడా లేదు. ఆపే మీట ఒక్క లంబూ దగ్గరే ఉంది, వాడేమో ఆమెన్ అనకుండా మళ్లీ నా చెయ్యే నొక్కుతున్నాడు. ("ఎవడూ ఏమీ అనకుండా ఆమెన్ దేనికి?" అని తరువాత నన్నే నిలదీశాడు.)

ప్రార్థన మధ్యలో కళ్లు తెరవడం మా జట్టులో మహాపరాధం. అయినా ఎడమకన్ను కొద్దిగా తెరిచాను. అవతలి జట్టు మొత్తం తలలు వంచుకుని నిలబడి ఉంది. చూడవచ్చిన ఆడవాళ్లు కొంగులు తల మీదికి లాక్కున్నారు. వేరుశనక్కాయలవాడు పొయ్యి మీద గరిటె తిప్పడం ఆపేశాడు. మాస్టర్‌జీ విజిల్‌ను నోట్లోంచి తీసి, గుండెకు ఆనించుకుని, ఎవరితోనో గుసగుసగా అంటున్నారు: "దేఖో, ఈ వయసులో ఇంత భక్తి!" ఆయన వెనక నెట్ అవతలి కొస మసకబారుతోంది. అదిగో, నా చేతి మీద మళ్లీ నొక్కు పడింది.

నోరు తెరిచాను. కాని ఏమని ప్రార్థించాలి? పాస్టర్ వాడే తెలుగు మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. పెద్దవారిని మర్యాదగా అడిగే హిందీ నాకు ఒక్కటే కంఠస్థం: బడిలో సెలవు కోసం రాసే దరఖాస్తు. అదే అందుకుంది నా గొంతు, పెద్దగా, అటెన్షన్‌లో నిలబడి.

"హే ప్రభూ! సవినయ్ నివేదన్ హై కి మేరే పితాజీ కా తబాదలా జోధ్‌పూర్ హో గయా హై. ఇస్ కారణ్ మైఁ అగ్‌లే మ్యాచ్ మే ఉపస్థిత్ నహీఁ హో సకూంగా. అతః రోశ్‌నీ జానే సే పహలే యహ్ మ్యాచ్ కరానే కీ కృపా కరేఁ. ఆప్‌కా ఆజ్ఞాకారీ శిష్య..." అని, తరగతి, సెక్షను కూడా చెప్పి, రోల్ నంబరు దగ్గర ఆగాను. నాన్నకు జోధ్‌పూర్ బదిలీ అయినందున తదుపరి మ్యాచ్‌కు హాజరు కాలేను, కనుక వెలుతురు పోకముందే ఈ మ్యాచ్ జరిపించవలసిందిగా ప్రార్థన అన్నమాట.

"మంజూర్!" అని అరిచారు మాస్టర్‌జీ. ఎన్ని దరఖాస్తులు చూశారో పాపం, ఆ మాట ఆయన ప్రమేయం లేకుండానే వచ్చి ఉంటుంది. మైదానమంతా గొల్లున నవ్వింది. మా వలయంలో మాత్రం ఎవరూ నవ్వలేదు. లంబూ నా చెయ్యి వదలలేదు.

"నువ్వు వెళ్లిపోతున్నావా?"

"హాఁ."

"మరి మాకు చెప్పనైనా లేదేం?"

"చెప్తే ఆడనిస్తారా?"

వాడు జవాబు చెప్పేలోగా విజిల్ మోగింది. వెలుతురుకు సరిపడా ఒక్కటే సెట్ అని నిర్ణయమైంది. ఆ సెట్‌లో మా జట్టు వాలీబాల్ శాస్త్రాన్ని తలకిందులు చేసింది. నేను లేపిన బంతిని కొట్టవలసిన లంబూ, మొదటి బంతి అందుకోగానే దాన్ని పక్కవాడికి పంపి, "ఇస్‌కో దే! వెళ్లిపోయేవాడికి ఇవ్వు!" అని కేకలు వేయసాగాడు. అంతవరకు జీవితంలో ఎవరూ నన్ను కొట్టమని అడగలేదు. ఆరోజు అందరూ నాకే లేపి ఇచ్చారు. కొన్ని నెట్‌కు కొట్టాను, కొన్ని వేరుశనక్కాయల బండికి కొట్టాను, ఎలాగో కొన్ని సరిగ్గానూ కొట్టాను. ఆ విధంగా స్కోరు సమానంగా చివరి పాయింటు వరకు ఈడ్చుకొచ్చాం, అది ఎవరిదైతే కప్పు వాళ్లది. సర్వీసు వాళ్లది. బంతి మళ్లీ నాకే లేచింది. ఎగిరి బలమంతా పెట్టి కొట్టాను. అది చివరి గీత దగ్గర మసకలో పడింది.

లోపలా, బయటా? మాస్టర్‌జీకి కనబడలేదు. గీత దగ్గరే ఉన్న అవతలి కెప్టెన్ను అడిగారు. నా దరఖాస్తు విన్న అతడు నా వంక ఒక క్షణం చూశాడు. "లోపలే పడింది, మాస్టర్‌జీ," అన్నాడు. గెలిచామని లంబూ రెండు చేతులూ ఎత్తాడు.

అప్పటికే నేను గీత దగ్గరికి వెళ్లి, మట్టిలో పడ్డ గుర్తు ముందు వంగి ఉన్నాను.

"నాలుగు వేళ్లు బయట, మాస్టర్‌జీ," అన్నాను.

కప్పు లేని తిరుగు ప్రయాణంలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఢిల్లీ పొలిమేరలోని బదర్‌పూర్ దాటాక వెనక సీటు నుంచి లంబూ గంభీరంగా ప్రకటించాడు: "మంచిపనైంది, వీడికి బదిలీ అయింది!" జట్టంతా ఒక్కసారిగా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను, అందరికంటే కొంచెం ఎక్కువసేపే. తరువాత లంబూ వచ్చి, తన పొడవు కాళ్లతో నన్ను కిటికీ వైపుకు నెట్టి, పక్కన కూలబడి, నా భుజం మీద తలపెట్టి నిద్రపోయాడు. తలపాగా బరువుకు భుజం తిమ్మిరెక్కింది. అయినా దిగేవరకు కదలని ఆ కుర్రవాణ్ణి, అప్పటి నన్ను, తలచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది. ఆ బంతి మాత్రం బయటే పడింది.