గూడు ఖాళీ అన్న మాట

కాస్త ఇటు జరిగి నా పక్కన కూర్చోండి. గొంతు పెంచి చెప్పే సంగతి కాదు. పద్నాలుగేళ్ల నుంచి మోస్తున్నాను దీన్ని. నీళ్లబిందె అయితే ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటాం, ఇది అలా మార్చుకునే బరువు కాదు. మావారికి చెప్పలేదు. కూతురికి చెప్పలేదు. కొండ మీది నరసింహస్వామికి కూడా నోరు విప్పి చెప్పుకోలేదు, ఆయనకు తెలియనిదేముంది అనుకుని దణ్ణం పెట్టి మెట్లు దిగి వచ్చేసేదాన్ని. నేను ఒక గూడు కూల్పించాను. ఆ తప్పును ఇంకొక మనిషి తన నెత్తిన పెట్టుకుని బతికాడు. అది అతనిది కాదని నాకు ఒక్కదానికే తెలుసు.

మాది మంగళగిరిలో మగ్గం ఉన్న ఇల్లు. నాకు చదువు అయిదో తరగతితో సరి. మాటలో తప్పులుంటే మీరే సర్దుకోండి. జ్ఞాపకం మాత్రం తప్పు పోదు. పోతే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

మా పెరట్లో ప్రహరీకి ఆనుకుని, వీధి మీదికి వంగిన కొబ్బరిచెట్టు ఒకటి ఉండేది. దాని మట్టల మధ్య ఏటా ఒక గరుడ పక్షుల జంట గూడు కట్టేది. మీరు చూసే ఉంటారు, తలా రొమ్మూ తెలుపు, రెక్కలు ఇటుక రంగు. కార్తీకం వెళ్లాక పుల్లలు మోసేవి. శివరాత్రి దాటేసరికి పిల్లల కూత వినిపించేది, చంటిబిడ్డ ముక్కుతో ఏడ్చినట్టు సన్నగా. గరుడ నెత్తి మీద తిరిగితే మా వీధిలో ఎవరైనా సరే చేతిలో పని ఆపి చెంపలేసుకునేవారు. స్వామి వాహనం కదా.

ఆ వీధిలోనే మేము తెల్లవారుతూనే పడుగు చాపేవాళ్లం. పడుగంటే బట్టకు నిలువునా వచ్చే దారం. ఈ చివర నుంచి ఆ చివరకు గుంజల మధ్య లాగి కట్టి, గంజి పట్టించి, అది ఆరేలోగా పెద్ద కుంచెతో దువ్వాలి. ఈ సంగతి జరిగిన ఏడు ఒకరోజు, పైనుంచి సగం తిన్న చేప ఒకటి జారి సరిగ్గా తడి పడుగు మీద పడింది. మావారు నవ్వి, దాన్ని తీసి పక్కన పెట్టి, ప్రసాదం అన్నారు. వారం తిరక్కుండా మళ్లీ పడింది. ఈసారి తెల్ల పడుగు. గంజి తడిలో నెత్తురు పాకి, ఎంత కడిగినా వదలలేదు. మరకపడిన పోగులన్నీ తుంచి, ఒక్కొక్కటీ మళ్లీ అతకాలి. అతకడం ఎప్పుడూ నా వంతే. రెండు రోజులు మెడ వంచి కూర్చున్నాను. కళ్లు మండిపోయాయి. ఆయన మాత్రం, స్వామి వాహనాన్ని ఏమనగలమే అని బీడీ వెలిగించుకున్నారు.

అంత చిన్న కోపం. దానికోసమా నేను ఆ పని చేశాను? ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి వెతికినా ఇంతకంటే పెద్ద కారణం దొరకలేదు. పెద్ద కారణం ఒకటి దొరికితే నన్ను నేను కొంచెం క్షమించుకునేదాన్నేమో.

మూడో రోజు ఆయన బట్ట ఇవ్వడానికి బెజవాడ బస్సెక్కారు. నేను కోటయ్యను పిలిపించాను. మా పేటలో కొబ్బరిచెట్లన్నీ ఎక్కేది అతనే. నన్ను అక్కా అని పిలిచేవాడు. కోటయ్యకు ఒక పద్ధతి ఉండేది. ఎక్కబోయే ముందు చెట్టును మూడుసార్లు అరచేత్తో తట్టి, ఆ ఇంటి ఆడవాళ్లను పైన ఏముందని అడిగేవాడు. కొబ్బరిచెట్టు ఎక్కేవాడికి మట్టల అడుగే గానీ పైభాగం కనపడదు. తేనెపట్టో, గూడో, పామో, రోజూ కిందనుంచి చూసే ఇల్లాలికే తెలుస్తుంది. ఆమె చెప్పిందే మాట. దాన్ని నమ్మే చెయ్యి పెట్టేవాడు.

ఆ రోజూ తట్టాడు. నవ్వుతూనే అడిగాడు.

"పైన స్వామివారి బండి పార్కింగులో ఉందా అక్కా? ఉంటే చెప్పు, నేను ముట్టను. మా ఆవిడ ఇంటికి రానివ్వదు."

"ఖాళీ గూడే కోటయ్యా. పిల్లలు ఎప్పుడో ఎగిరిపోయాయి. వీధి పక్క మట్టలన్నీ కొట్టెయ్యి."

నాలుగు రోజుల నుంచి నేను ఆ కూత వింటున్నాను. ముందురోజు సాయంత్రం డాబా మీద వడియాలు తీస్తుంటే, గూడు అంచు మీద దూదిలాంటి తల ఒకటి లేచి నా వైపు చూసింది కూడా. అయినా నోరు తడబడలేదు. ఆ మాట ఎంత తేలికగా వచ్చిందో తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ భయం.

అతను ఎక్కి, కింది వరస నుంచి మట్టలు నరికాడు. నాలుగో మట్టతో పాటు గూడు ఒక పక్కకు ఒరిగి, మొత్తంగా ప్రహరీ మీద పడి విడిపోయింది. రెండు పిల్లలు. ఒకటి మట్టల కింద అప్పుడే పోయింది. రెండోది దుమ్ములో నోరు తెరుచుకుని ఉంది, కూత రావడం లేదు. కోటయ్య ఎలా దిగాడో తెలియదు, గుండెల మీద చర్మమంతా గీరుకుపోయింది. పిల్లను తువ్వాలులోకి తీసుకుని నా వైపు చూశాడు. కోపంగా కాదు. తానేదో సరిగ్గా చూసుకోలేదన్నట్టు చూశాడు.

వీధి పోగయింది. చేతులు పడిపోను, కళ్లు నెత్తికెక్కాయా అని ఒకామె. కల్లు తాగి ఎక్కావా అని ఇంకొకాయన. గరుడను చంపిన చేతులతో ఇక మా చెట్లు ముట్టొద్దని మూలింటి ముసలాయన. కోటయ్య పిల్లను ఒడిసి పట్టుకుని నిలబడ్డాడు. అక్క చెప్పింది అని కూడా అనలేదు. నేను పొరపడ్డాననుకున్నాడు, అబద్ధమాడానని అతని ఊహకే రాలేదు. మధ్యాహ్నం వచ్చి మావారు కూడా అతన్ని నాలుగు తిట్టారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఒక్క వాక్యం చెబితే చాలు. చెప్పలేదు.

ఆ పూటే పోతుపక్షి కాలువ నుంచి చేప తెచ్చింది. గూడు ఉన్న చోట దిగబోయి, కాళ్లకు ఏమీ తగలక మళ్లీ లేచింది. అలా ఎన్నిసార్లు తిరిగిందో. చివరికి కరెంటు స్తంభం మీద కూర్చుంది, చేప కాళ్ల కింద పట్టుకుని, తినకుండా, పొద్దు వాలేదాకా. కాకులు పొడుస్తున్నా వదల్లేదు. పెట్ట నేల మీదికి దిగింది. గరుడ నడవడం నేను అప్పుడే చూశాను. తూలుతూ, మట్టల మధ్య ఒక్కో పుల్లనూ ముక్కుతో తిప్పి చూసుకుంటూ నడిచింది.

కోటయ్య చనిపోయినదాన్ని గోడ వారన పాతిపెట్టాడు. బతికినదాన్ని ఈతబుట్టలో పెట్టి, మళ్లీ చెట్టెక్కి, మిగిలిన మట్టలకు కొబ్బరితాడుతో కట్టాడు. మనిషి చెయ్యి తగిలింది, ఇక రావు అన్నారు అందరూ. మర్నాడు మధ్యాహ్నం దాకా రాలేదు. తర్వాత పెట్ట వచ్చి బుట్ట అంచు మీద వాలింది. చాలాసేపు ఊరికే చూసింది. అప్పుడు దిగింది.

నీడనిచ్చే మట్టలు నేనే కొట్టించాను కదా. ఎండ నేరుగా బుట్టలో పడేది. ఆ తల్లి రెండు రెక్కలూ విప్పి, నోరు తెరిచి రొప్పుతూ, పిల్లకు నీడగా నిలబడేది. పన్నెండు నుంచి నాలుగు దాకా. కిటికీలోంచి నేను చూస్తూనే ఉండేదాన్ని. పోతుపక్షి చేపలు తెచ్చేది, మధ్యలో పుల్లలు తెచ్చి బుట్ట చుట్టూ పేర్చేది. మగ్గం కింద నేను ఊడ్చి పారేసిన దారం ముక్కలు కూడా ఏరుకుపోయింది. ఆ దారం చూసినప్పుడు మాత్రం ఏడ్చాను. ఎవరికోసం ఏడ్చానో నాకే సరిగ్గా తెలియదు.

కోటయ్య రోజూ వచ్చి చెట్టు కింద నిలబడి చూసి వెళ్లేవాడు. ఉగాది తర్వాత పిల్ల ఎగిరింది. ఆ రోజు మూడు పక్షులూ కలిసి కొండ వైపు వెళ్లాయి. మరుసటి ఏడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

కోటయ్య చెట్లెక్కడం మానేశాడు. చాలామంది పిలవడం మానేశారు, పిలిచిన ఒకరిద్దరి దగ్గరికి అతనే వెళ్లలేదు. కల్యాణమండపంలో వాచ్‌మన్‌గా కుదిరాడు. దారిలో కనిపిస్తే బాగున్నావా అక్కా అనేవాడు, నేను బాగున్నాననేదాన్ని. ఈసారి కనిపిస్తే చెప్పెయ్యాలి అనుకుంటూ పన్నెండేళ్లు గడిపాను. మొదట మావారికి భయపడ్డాను, తర్వాత వీధికి. ఆ తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని కోటయ్య అడుగుతాడేమోనని భయపడ్డాను.

రెండేళ్ల క్రితం అతనికి ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడని తెలిసింది. బత్తాయిలు పట్టుకుని వెళ్లాను. ఆ రోజు చెప్పి తీరాలనే వెళ్లాను, నమ్మండి. అతని భార్య టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను నోరు తెరిచాను. కోటయ్య ముందే మొదలుపెట్టాడు.

"అక్కా, ఆ గూడు సంగతి నీకు గుర్తుందా?"

"ఉంది కోటయ్యా."

"ఆ రోజు వీధి వీధంతా నన్ను తిట్టింది. నువ్వు ఒక్కదానివే ఒక్క మాట అనలేదు. మీ ఇంటి చెట్టు అయ్యుండి కూడా. నిన్ను ఏనాడూ మరిచిపోలేదక్కా."

చెప్పండి, అప్పుడైనా చెప్పి ఉండాలి కదా? అతని చెయ్యి నా చేతి మీద ఉంది. పోయే మనిషికి మిగిలిన ఒక్క మంచి మాటను ఎందుకు లాక్కోవడం అనుకున్నాను. అది దయ అనుకున్నాను. దయ కాదు. అతను నాకిచ్చిన ఆ పేరు నాకు తియ్యగా ఉంది. అందుకే ఉంచుకున్నాను. తల ఊపి, బత్తాయి ఒలిచి ఒక్కో తొనా నోటికి అందించి, టీ తాగి వచ్చేశాను. ఎనిమిదో రోజున పోయాడు. గరుడను చంపానన్న బాధతోనే పోయాడు.

అతని భార్య ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. రేపు వెళ్లి చెబుతానని మీకు మాట ఇవ్వను. అలాంటి మాటలు నాకు నేనే చాలా ఇచ్చుకున్నాను. మీరు నన్ను ఓదార్చవద్దు కూడా. ఒక్కటే చేయండి, ఈ రెండు ముక్కలు నా నోటివెంట వస్తుంటే ఒక మనిషి విన్నారని ఉండనివ్వండి.

గూట్లో పిల్లలున్నాయి కోటయ్యా. నాకు తెలుసు.

హమ్మయ్య. ఇంత చిన్న మాట.

ఇక లేవండి, మీ ఇంట్లో మీకోసం చూస్తుంటారు. మీ పొయ్యి ఆరకూడదు, మీ పిల్లల తల మీద నీడ తప్పకూడదు. మీ మాట నమ్మి చెయ్యి పెట్టినవాళ్లు మీ ఇంటి నుంచి ఎప్పుడూ నవ్వుతూనే వెళ్లాలి.