అమ్మకానికి ఆకుపచ్చ రంగు

మా మేనత్త ఏది అమ్మాలన్నా ముందు దానికి ఆకుపచ్చ రంగేసేది. సంతకు తోలే ఎడ్ల కొమ్ములకు రంగు పూయకపోతే బేరం తగలదని ఆవిడ పుట్టింట్లో నేర్చిన శాస్త్రం. అమ్మే హక్కే ఉంటే ఏలూరు కాలవ కూడా ఆకుపచ్చగా పారేది.

పందొమ్మిది వందల డెబ్బైల్లో మామయ్య పోయాక, ఆయన ఇంగ్లండు సైకిలు అమ్మి కుట్టుమిషను కొనాలనుకుంది. ఇక ఆవిడ బతుకుతెరువు అదే. సైకిలును బస్సు మీద వేసుకుని ఇద్దరం గన్నవరం నుంచి బెజవాడ భవానీపురంలోని సైకిలు షాపుకు వచ్చాం. బయల్దేరే ముందే అత్త దానికి హ్యాండిలు నుంచి చైను దాకా తలుపులకేసే ఆకుపచ్చ రంగు పూసేసింది. దారిలో ఆ ఆరని రంగుకు అంటుకున్న ఈగలతో దాని బరువు రెట్టింపయింది.

షాపాయన సీటు కింద తడిమి చూశాడు. "కంపెనీ నంబరు కనపడటం లేదండీ. నంబరు లేకపోతే ఇది పాత ఇనుమే."

ఆయన స్క్రూడ్రైవరుతో గీకుతుంటే బెజవాడంతా ఊపిరి బిగబట్టింది. ఆకుపచ్చ పొర కింద నలుపు తేలింది, తర్వాత ఒక బంగారు గీత, దాని పక్కన నంబరు.

"అసలుదేనండీ. కానీ ఇదంతా గీకేసరికి నా ప్రాణం పోతుంది. కాస్త తగ్గించుకోండి."

"తగ్గించడమేంటి బాబూ? కొత్త డబ్బా రంగు పట్టింది. దానికి మీరే పైన వెయ్యాలి," అంది అత్త.

ఆయన గల్లాపెట్టె తీసి, కుట్టుమిషనుకు సరిపడా ఇచ్చాడు.

తర్వాత ఆ మిషను చూడటానికి వెళ్లాను. నల్లగా నిగనిగలాడుతోంది.

"దీనికి రంగెయ్యలేదేం అత్తా?"

"దీన్ని నేను అమ్మనుగా, అబ్బాయ్."