మార్తమ్మ మేడమ్ కూర్చున్న చోటు

కోసిన ప్లైవుడ్ వాసన ఇంకా నా చున్నీకి అంటుకునే ఉంది. పాప పక్కనే నిద్రపోతోంది. అలవాటుగా రెండుసార్లు దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని, ఇది రాయడానికి కూర్చున్నాను. ఇవాళ మా ఆఫీసులో ఒక చెక్క గోడ తీసేశారు. దాని వెనుక చూసినదాని నుంచి నేనింకా తేరుకోలేదు.

శంషాబాద్ విమానాశ్రయం పక్కన, విమానాల్లో వెళ్లే సరుకుకు రసీదు కాగితాలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. నాలుగేళ్ల కిందట, పాపకు ఐదో నెల రాగానే తిరిగి ఉద్యోగంలో చేరాను. అప్పటికి ఆఫీసును కొత్తగా మార్చారు. పడమటి వైపు నేల నుంచి కప్పు దాకా అద్దమే. వచ్చినవాళ్లంతా విమానాలు ఎంత బాగా కనిపిస్తున్నాయో అని మురిసిపోయేవారు. నా బల్ల ఆ అద్దం వైపు వీపు పెట్టి కూర్చునేలా ఉండేది. చేరిన నెలలోనే మూడు తప్పులు చేశాను. అన్నీ ఒకే రకం. కంప్యూటర్ తెర మీది రసీదు నంబరులో ఆరు ఉన్నచోట ఎనిమిది కొట్టాను. చివరిసారి మందుల పెట్టెలు విమానం ఎక్కకుండా గోదాములోనే ఉండిపోయాయి.

మా మేనేజరు కోస్తా వైపు మనిషి. గొంతు కూడా పెంచలేదు. "పసిపిల్ల తల్లి కదండీ, ధ్యాసంతా ఇంటి మీదే ఉంటుంది. ఇంకొక్కటి జరిగితే మాత్రం నేను చేయగలిగిందేమీ లేదు," అన్నారు. కాటేదాన్‌లో మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ అప్పటికే వారానికి మూడు రోజులే తెరుస్తున్నారు. నా ఉద్యోగం పోతే ఎలాగో తెలియదు. అయినా మేనేజరు మీద కోపం రాలేదు. కాన్పు తర్వాత నా బుర్రే చెడిపోయిందని నేనూ నమ్మాను.

మా విభాగానికి పెద్ద మార్తమ్మ మేడమ్. కొత్వాల్‌గూడ ఆమె ఊరు. యాభై దాటిన వయసు, నేత చీర, సన్నటి గొలుసుకు చిన్న శిలువ. నా తప్పుల కాగితాలు మూడూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"రేపు నీ కుర్చీల నేను కూసుంట. నువ్వు నా గదిల కూసో," అన్నారు.

"ఎందుకు మేడమ్?"

"కూసుంటెనే తెలుస్తది బిడ్డా."

మర్నాడు సాయంత్రం కాకముందే ఆమె నా దగ్గరికి వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది. చేతిలో ఒక కాగితం. అందులో ఆరు ఉండాల్సిన చోట ఎనిమిది.

"నేనే కొట్టిన," అన్నారు. "పొద్దు తిరగంగనే అద్దంలకెల్లి ఎండ సీదా తెర మీద వడ్తుంది. ఏ అంకె ఏదో కనవడ్తలేదు. నెల నుంచి గిట్లనే చేస్తున్నవా? ఎందుకు చెప్పలే?"

"నాదే తప్పనుకున్న మేడమ్."

ఆమె నన్ను వెంటబెట్టుకుని నా బల్ల దగ్గరికి నడిచారు. ఆఫీసు ఊడ్చే యాదమ్మను పిలిచారు. ముగ్గురం కలిసి బల్లను అడ్డంగా తిప్పాం. మేనేజరు పరుగున వచ్చారు. "ఏంటండీ ఇది? డిజైనంతా పాడైపోతుంది!"

"డిజైన్ ఎవలికి సార్? సూడనీకి వచ్చేటోళ్లకా, దినాం కూసునేటోళ్లకా?" కాగితం ఆయన ముందు పెట్టారు. "నాకు పసిపిల్ల లేదు. మరి నేనెందుకు తప్పు కొట్టిన?"

ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. నా ఉద్యోగం నిలిచింది.

అదే వారం, పాల సీసా చున్నీ కింద దాచుకుని బాత్రూమ్ నుంచి వస్తుంటే ఆమె చూశారు. "గాడనా పాలు పిండేది? గాడ కూసోని నువ్వు అన్నం తింటవా?" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె తన గది తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. "దినానికి రెండుసార్లు గది నీది. గా టైముకు నాకు గోదాముల పనుంటది."

పాపకు ఏడాది నిండేదాకా, ఏడు నెలలు, ఆ చల్లని గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నాను. ఆమె తిరిగి వచ్చేసరికి రవిక వీపంతా తడిసి ఉండేది. గళ్ల రుమాలుతో మెడ తుడుచుకునేవారు. "గోదాముల ఫ్యాన్ వెట్టియ్యమనరాదు మేడమ్," అన్నానొకసారి. "పెట్టిస్తరు తియ్యి," అని నవ్వారు.

రెండేళ్ల కిందట ఆమె రిటైరయ్యారు. ఆ గదీ, ఆ బాధ్యతా నాకు వచ్చాయి. కిందటి వారం మేనేజరు ఆఫీసును మళ్లీ మార్చే నక్షా తెచ్చారు. గదులన్నీ తీసేసి ఒకే హాలు. రంగుల్లో అందంగా ఉంది. సంతకం పెట్టేశాను.

ఇవాళ వడ్రంగులు ముందుగా నా గదిని ఆనుకుని ఉన్న బ్యాటరీల కొట్టుకు హాలు వైపు గోడ తీశారు. కరెంటు పోతే ఆఫీసంతటికీ ఆ బ్యాటరీలే. వేడి ముఖానికి కొట్టింది. కిటికీ లేదు. బ్యాటరీల వరసల మధ్య ఒక ప్లాస్టిక్ స్టూలు. ఎదుట మేకుకు దుమ్ము పట్టిన గళ్ల రుమాలు.

"మార్తమ్మ మేడమ్ గీడనే కూసునేది అక్కా," అంది యాదమ్మ మెల్లగా. "నువ్వు గదిల ఉన్నంతసేపు ఫైళ్లు ఒళ్లె వెట్టుకోని రాస్తుండె. గోదాముల ఏం పని లేకుండె. నీకు తెలిస్తే గది వద్దంటవని నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నది."

ఒక్క చెక్క గోడ అవతల, ఏడు నెలలు. మేడమ్‌కు ఫోన్ చేసి, ఆ స్టూలు, రుమాలు చూశానని చెప్పాను. "ఏడుస్తున్నవా ఏంది? గప్పటి ముచ్చట ఇప్పుడెందుకు బిడ్డా? పాప మంచిగ తింటుందా?" అన్నారామె.

ఫోన్ పెట్టేశాక ఇంకో సంగతి తట్టింది. నేను సంతకం పెట్టిన నక్షాలో తలుపున్న గది ఒక్కటీ లేదు. సంతకానికి ముందు నేను ఎవరి కుర్చీలోనూ కూర్చుని చూడలేదు. మా విభాగంలో, మహేశ్వరం నుంచి వచ్చే మౌనిక తలనొప్పని మాటిమాటికీ సెలవు పెడుతోంది. పని మీద మనసు లేదని నిన్ననే దాన్ని మందలించాను.

వెళ్లి మౌనికను లేవమని తన కుర్చీలో కూర్చున్నాను. పైన ఏసీ గాలి సూటిగా మెడ మీద పడుతోంది. అరగంటకే మెడ బిగుసుకుని, కళ్ల వెనుక నొప్పి మొదలైంది.

"ఎన్నాళ్ల నుంచి ఇట్ల?" అని అడిగాను.

"చేరినప్పటి నుంచి మేడమ్. నా ఒంట్లనే ఏదో తక్కువున్నదనుకున్న."

మౌనిక ఒక పక్క, యాదమ్మ, నేను ఇంకో పక్క బల్ల పట్టుకుని జరిపాం. తర్వాత వడ్రంగులను ఆపి, మార్తమ్మ మేడమ్ గదికి తాళం వేశాను. తాళంచెవి ఇప్పుడు నా సంచిలో ఉంది. రేపు మేనేజరు అడుగుతారు. అయినా ఇవ్వను. ముందు ఒక పూట ఆయన్నే మౌనిక పాత చోట కుర్చీ వేసుకుని కూర్చోమంటాను.