చెక్క మీద వాలిన పిట్ట

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. చూశామని చెప్పేవాళ్లతో తగువు పడే మనిషిని. కానీ ఈ ఒక్క ఫోటో సంగతి మాత్రం నాకు మింగుడు పడదు.

అరవైల చివర్లో విజయనగరంలో ఓ కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. సముద్రపు పిట్టల పిచ్చి ఉండేది. సెలవు దొరికితే నౌపడలో రైలు దిగి, ఉప్పు మడుల గట్ల మీంచి నడిచి, ఒడ్డునున్న పల్లెకు పోయేవాణ్ణి. అక్కడ అప్పన్న అనే జాలరి తన తెప్ప మీద నన్ను సముద్రం లోపలికి తీసుకెళ్లేవాడు. తెప్పంటే తాళ్లతో కట్టిన నాలుగు దుంగలు, అంతే.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, నీళ్లలో తేలుతున్న ఏదో చెక్క మీద ఓ పిట్ట వాలి ఉంది. నల్లటి వీపు, తెల్లటి నుదురు. ఆ తెలుపు కన్ను దాటి వెనక్కి పోతే ఒక జాతి, కన్ను దగ్గరే ఆగితే ఇంకో జాతి. గబగబా ఫోటో తీశాను. అప్పన్న నా వెనకే తెడ్డు వేస్తున్నాడు.

స్టూడియోలో పిట్ట తల ఒక్కటే పెద్దది చేయించి, మిగతాదంతా కోయించేశాను. పిట్టల పిచ్చోళ్లందరికీ ఉన్న జబ్బే అది. తెలుపు కన్ను దాటింది. జాతి తేలిపోయింది. పొంగిపోయాను.

ఆ తర్వాత మూడు వారాలకు, వేటకెళ్లిన అప్పన్న తిరిగి రాలేదు. ఆ రోజు గాలీ లేదు, వానా లేదు. మనిషీ దొరకలేదు, తెప్పా దొరకలేదు. ఏదో ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చేదాకా అతని భార్య నూకాలుకి గాజులు తియ్యకూడదని పెద్దలన్నారు.

ఆ తర్వాతే, పిట్ట కాళ్లు చూద్దామని మొత్తం ఫోటో ప్రింటు తీయించాను. అది చెక్క కాదు, తెప్ప దుంగ. దానికి తెగిన తాడు ఉంది. ఓ చివర రెండు గీతలు, మధ్యన చుక్క కాల్చిన గుర్తు. పట్టుకెళ్లి నూకాలుకి చూపించాను.

"మా దుంగే బాబూ. ఈ ఏడే ఏసినాం. మా అన్న కాల్చిన గుర్తిది" అంది.

"ఇంకేటి సూస్తావు? దొరికినట్టే గదా" అన్నాడు పక్కనున్న పెద్దాయన.

ఆమె నావైపు తిరిగింది. "ఎప్పుడు తీసేరు?"

అబద్ధమాడొచ్చు. ఆడలేకపోయాను. అప్పన్న నా వెనక ఉండగా, ఆ తెప్ప మీద కూర్చునే తీశానని చెప్పాను.

"అయితే నా మనిషి ఉన్నప్పటి బొమ్మే గదా. గాజులెందుకు తీస్తాను?" అంది నూకాలు. తియ్యలేదు. చివరిదాకా తియ్యలేదు.

చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాను. ఆ గుర్తు ఇంకెవరికీ లేదు. నెగెటివ్‌లో తప్పేమీ దొరకలేదు. అదెలా జరిగిందో నాకు తెలీదు, ఆ మాట ఒప్పుకోడానికి సిగ్గు కూడా లేదు. సిగ్గంతా ఇంకోదానికి. మొదటిరోజే మొత్తం ఫోటో తీయించి ఉంటే అప్పన్నకే చూపించేవాణ్ణి. అతను ఆ తెప్ప ఎక్కేవాడు కాదేమో.