మంచం కింది కొత్త బూట్లు

మా అమ్మాయికి నా పాదాలే వచ్చాయి. వేళ్ల దగ్గర వెడల్పు, మడమ దగ్గర సన్నం, ఏడో నంబరు. ఆడపిల్లకి ఇంతేసి పాదాలేమిటని దాని చిన్నప్పుడు వాళ్లమ్మ దిగులు పడేది. నేను మాత్రం లోలోపల మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెమే మా కొంప ముంచింది.

నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లకు పైగా ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే పనిలో చేరాడు, తర్వాత మా నాన్న, తర్వాత నేను. మా వర్క్‌షాపు కుటుంబాల్లో ఒక అలవాటు ఉంది. పనికోసం ఇచ్చే కొత్త సేఫ్టీ బూట్లు ఎవరూ వెంటనే తొడగరు. పాతవాటిలోంచి బొటనవేలు బయటికి తొంగిచూసేదాకా వాటినే ఈడ్చి, కొత్తవి అట్టపెట్టెతో సహా మంచం కిందకు తోసేస్తారు. ఊరి నుంచి వచ్చిన బావమరిదికి ఒక జత, ఇల్లు కట్టుకుంటున్న తమ్ముడికి ఒక జత. మంచం కింద కొత్త బూట్లు లేని ఫిట్టరంటే మాలో మాకు చిన్నచూపు. నేను రిటైరయ్యేనాటికి నా దగ్గర రెండు జతలు మిగిలాయి. ఏడాదికోసారి బయటికి తీసి, పైపైన తుడిచి, కొత్త కలరా ఉండలు వేసి మళ్లీ లోపల పెట్టేవాణ్ణి. అలా ఆరేళ్లు పూజ చేశాను.

అమ్మాయి డిప్లొమా చదివి హైవే మీద ఒక కంపెనీలో చేరింది. పూరీ గేట్‌లోని మా ఇంటి నుంచి రానూపోనూ నలభై కిలోమీటర్లు, రోజూ మోటారుసైకిలు మీదే. ఆ పని చేసుకుంటూనే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షలన్నీ గట్టెక్కింది. ఇక రెండు నెలల్లో జరిగే డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలింది. మా ఇంట మూడు తరాలవాళ్లం రైలింజన్లు బాగుచేశాం గానీ ఒక్కరమూ నడపలేదు. నడిపేది ఇదేనని వీధిలో కనబడినవాడికల్లా చెప్పాను.

అప్పుడే దానికో భయం పట్టుకుంది. దాని కంపెనీలో ఒక కుర్రాడు బండి మీద నుంచి పడితే బండి వచ్చి చీలమండ మీద పడింది. అతని కాళ్లకు ఉత్త చెప్పులే ఉన్నాయి. అది చూసి వచ్చి, నాతో అంది, "ఈ రెండు నెల్లూ నా కాళ్లూ సేతులూ నావి కావు నాన్నా, రైల్వేవి. బండికని మంచి బూట్లు కొనాల."

గోల్‌బజార్‌లో బూట్ల దుకాణానికి ఇద్దరం వెళ్లాం. దుకాణం నడిపే బెంగాలీ దాదా పొట్టి రైడింగ్ బూట్లు ఒక జత బల్ల మీద పెట్టాడు. చీలమండ దాటి నాలుగు వేళ్ల ఎత్తు, అంతే. రోజంతా వేసుకుని పని చేసుకోవచ్చు, నడవనూ వచ్చు. అమ్మాయి అందులో ఒకదాన్ని మడమ దగ్గర ఒక చేత్తో, ముందు భాగం ఇంకో చేత్తో పట్టుకుని బట్ట పిండినట్టు మెలితిప్పింది. అది మెలి తిరగలేదు. చీలమండకి రెండు వైపులా లోపల గట్టి చిప్పలున్నాయి. లేసుల బదులు జిప్పు, దాని మీద అంటుకునే పట్టీ. లేసయితే ఫుట్‌రెస్టుకి చిక్కుకుంటుందట. ఎడమ బూటు ముందు గేరు తగిలేచోట మందంగా ఇంకో తోలుముక్క. ఇవన్నీ ఆ పిల్ల నాకు ఒక్కొక్కటే చూపిస్తుంటే నేను నవ్వుతూ నిలబడ్డాను. ముప్పై ఏళ్లు బూట్లలో బతికిన నాకు బూట్ల పాఠం!

"దాదా, యే రహ్‌నే దో," అని ఆ జత వద్దన్నాను. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "ఇంట్లో వేళ్ల మీద ఉక్కు టోపీ ఉన్న బూట్లు కొత్తవి రెండు జతలున్నాయి. నీకివెందుకే? పెరటి సెట్టు మందుకి పనికిరాదేటి?"

"అవి పనికి నాన్నా, బండికి కాదు. ముందర ఉక్కు ఉంటాది కదా, గేరు కిందకి కాలు దూరదు. లేసులూ..."

"నేనున్నానా నేదా? అన్నీ నేను సేస్తాను."

అది ఇంకోసారి ఆ బూటును చేతిలోకి తీసుకుంది. జిప్పు పైకీ కిందకీ ఒకసారి లాగింది. పెట్టేసింది. దాని ముఖం నేను చూడలేదని చెప్పను, చూశాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాడికి ముఖాలు చూసి ఏం లాభం?

ఇంటికొచ్చి ఆ పూటంతా సంబరంగా పనిచేశాను. గేరు లివరు విప్పి, ఒక పన్ను పైకి జరిపి బిగించాను. ఉక్కు ముక్కు దాని కింద హాయిగా దూరింది. లేసులు కురచగా కోసి, కొసలు కాల్చి, లోపలికి దోపాను. అమ్మాయి తొడుక్కుని నిలబడింది. సరిగ్గా సరిపోయాయి. నా పాదాలే కదా. వాకిట్లో అటూ ఇటూ నడిచి చూపిస్తే నేను చప్పట్లు కొట్టాను.

నాలుగో రోజు పొద్దున్న మా ఆవిడ చీపురు పట్టుకుని పిలిచింది. "ఏటండీ ఈ నల్ల పొడి? నిన్నా ఇలగే పడింది."

"రోడ్డు తారు," అన్నాను.

తారు కాదు. ఆవిడ లోపలికి వెళ్లాక ఎడమ బూటు తిప్పి చూశాను. సోలు నడిమధ్యన సన్నటి చీలిక ఉంది. వేలితో నొక్కితే మెత్తగా, ఎండిన బెల్లంలా, పొడి రాలింది. ఆ క్షణంలో ఆ బూట్లు తీసుకెళ్లి చెత్తలో పడేస్తే ఈరోజు నేను ఇది రాసేవాణ్ణి కాను. కానీ నావి కదా, కొత్తవి కదా. ఆరేళ్లు దాచినవి నాలుగు రోజుల్లో పాడయ్యాయని ఆ పిల్లకి ఏ నోటితో చెప్పను? చీలిక నిండా గమ్ము దట్టించి, దారం చుట్టి, ఇటుక బరువు పెట్టాను. గంటలో ఆరింది. దారం విప్పి గుమ్మం దగ్గర పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం షిఫ్టుకి అది అవే వేసుకెళ్లింది. వాన పడుతోంది. హైవే మలుపులో టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఒకటి అడ్డం వస్తే బ్రేకు వేసి ఎడమకాలు కింద పెట్టిందట. కాలి కింద సోలు మొత్తం ఒక్కసారిగా ఊడి జారిపోయింది. పిల్ల పడింది, బండి దాని చీలమండ మీద పడింది. టోటో నడిపేవాడే ఫోన్ చేశాడు. నేను చేరేసరికి రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. తడి రోడ్డు మీద నల్లటి ముద్దలు చెల్లాచెదురుగా ఉన్నాయి. బూటు పైభాగం మాత్రం దాని కాలికే ఉంది. ఉక్కు ముక్కు చెక్కుచెదరలేదు. వేళ్లకి గీత కూడా పడలేదు.

"సోలు ఊడిపోనాది నాన్నా," అంది. నన్ను తిట్టినట్టు కాదు, చిన్నప్పుడు బొమ్మ విరిగితే తెచ్చి చూపించినట్టు.

ఆసుపత్రిలో విరిగిన ఎముకకి ప్లేటు వేశారు, ఆరు మరలు బిగించారు. మరలు బిగించడం నాకు తెలిసిన పనే. ఎక్స్‌రే చూసి, ఈ చీలమండ ఇక పాతలా తిరగదని డాక్టరు చెప్పకముందే నాకు అర్థమైంది.

దాన్ని ఇంటికి తెచ్చాక ఆ బూటు పట్టుకుని గోల్‌బజార్ మూల మీద కూర్చునే ముసలి చెప్పులవాడి దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో తెలియదు, తప్పు ఇంకెవరిదో అని ఎవరైనా చెబుతారని కాబోలు. అతను వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఎన్నాళ్లు తొడగకుండా ఉంచావని హిందీలో అడిగాడు. చెప్పాను. ఈ రకం సోలు వాడుతుంటే బతుకుతుంది, దాచిపెడితే లోపల్లోపలే చచ్చిపోతుంది అన్నాడు. ఇంటికొచ్చి మంచం కింది రెండో జత తీశాను. పైన నల్లగా, నిగనిగలాడుతూ, ఎంత కొత్తగా ఉందో! సోలు పట్టుకుంటే నా అరచేతిలోకి రాలిపోయింది.

డాక్టరు పరీక్షకి గడువు అడిగితే ఇచ్చారు. ఆ గడువంతా పిల్ల పళ్లు బిగబట్టి వ్యాయామం చేసింది. గుమ్మం పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, దిగడం. నేను పక్కగదిలో లెక్కపెట్టేవాణ్ణి. పరీక్షనాడు బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల గొంతుక్కూర్చోమన్నారట. కుడికాలు మడిచింది, ఎడమకాలు మడవలేకపోయింది. బయటికొచ్చి ఒకే ముక్క చెప్పింది, "అన్‌ఫిట్." ఆ తర్వాత వీధిలో ఎవరు ఎదురైనా నేనే పక్క సందులోకి తిరిగిపోతున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లని చూసి నవ్వేవాణ్ణి ఒకప్పుడు. కంపెనీ పనికి మళ్లీ బండి ఎక్కుతానని అది అన్న రోజు గోల్‌బజార్‌కి పరిగెత్తి అవే పొట్టి బూట్లు తెచ్చాను. ఎదురుగా కూర్చుని నేనే తొడిగాను. కుడిది ఎక్కింది. ఎడమది సగం దాకా వెళ్లి ఆగింది. ప్లేటు ఉన్నచోట కాలు వాచి గట్టిపడిపోయింది. దాన్ని కాపాడాల్సిన ఆ గట్టి చిప్ప దానికే అడ్డం పడింది. జిప్పు పైకి రాలేదు. నేను లాగుతూనే ఉన్నాను. పిల్ల నొప్పి ఓర్చుకుంటూ నా తల మీదుగా గోడవైపు చూస్తోంది.

"పోనీండి, వాపు తగ్గినాక సూద్దాం. పెట్టిలో ఎట్టి దాసీండి," అంది మా ఆవిడ.

"దాస్తావా! ఇంకా దాస్తావా ఈ ఇంట్లో?" అని అరిచాను. పాపం, ఆవిడేం చేసింది? అట్టపెట్టె తీసి గోడకేసి కొట్టాను. తర్వాత నేల మీద కూలబడి, ఆ ఎడమ పాదం పట్టుకుని, ఇన్నాళ్లూ లోపల కుక్కుకున్నది చెప్పేశాను. చీలిక ముందే చూశానని, గమ్ము పెట్టానని, చెప్పకుండా గుమ్మం దగ్గర ఉంచానని.

 అమ్మాయి మెల్లగా బూటు విప్పుకుంది.

"తెలుసు నాన్నా. ఆయేళ తొడుక్కున్నప్పుడే గమ్ము వాసనొచ్చినాది."

"మరెందుకు ఏసుకున్నావే?"

అది నన్ను ఆశ్చర్యంగా చూసింది, అంత తెలిసినవాడు అడిగే ప్రశ్నేనా ఇది అన్నట్టు.

"నువ్వు రిపేరు సేసినావు కదా," అంది.