తలుపు బయట లెక్కల పీరియడు

మా చిన్నప్పుడు... పదో తరగతి గదిలో, బోర్డు పక్కన ఒక తెల్ల చార్టు ఉండేది. లెక్కల మాస్టారు ఎర్ర స్కెచ్ పెన్నుతో స్వయంగా రాసి అంటించారు. గంట మోగాక తలుపు తీయబడదు. బయట ఉన్నవారికి ఆ రోజు స్లిప్ టెస్టులో సున్నా. స్టెప్పులు లేని జవాబుకు సున్నా. కొట్టివేతలుంటే మార్కు కోత.

మొదటి పీరియడు లెక్కలే. తలుపు మూసుకునేది... మేము వరండాలో నిలబడేవాళ్ళం. మేమంటే భోగాపురం అవతల, సముద్రం ఒడ్డు పేటల పిల్లలం.

పొద్దున తెప్పలు ఒడ్డుకొస్తాయి. ఇసక మీద కుప్ప పోసి చేపలకు వేలం పాట పెడతారు. పాట ముగిసేదాకా కుప్ప పక్కన ఇంటి మనిషి ఒకరు నిలబడాలి... లేకపోతే కొసరు కొసరంటూ సగం ఎత్తుకుపోతారు. నాన్న వల సర్దుతుంటాడు, అమ్మ తట్టలు కడుగుతుంటుంది. నిలబడేది మేమే. పాట అవగానే చేతులు ఇసకతో తోముకుని, నాలుగు గుక్కల తరవాణి తాగి, బడికి పరుగు.

అయినా చాలా రోజులు వేళకే చేరేవాళ్ళం. తంటా అంతా గంటతోనే. అప్పట్లో హెడ్మాస్టరు పోస్టు ఖాళీ, ఇన్‌ఛార్జి కూడా ఈ మాస్టారే. ఆయన విజయనగరం నుంచి బస్సులో వచ్చేవారు. గడియారం ఏం చెప్పినా సరే, ఆయన గేటు దాటాకే అటెండరు గంట కొట్టేవాడు. బస్సు ముందొస్తే గంట ముందు. బస్సు ఆలస్యమైతే గంటా ఆలస్యమే. ఆయన మాత్రం ఏనాడూ లేటు కాలేదు... ఎలా అవుతారు?

మా పేట పిల్ల నూకరత్నం లెక్కల్లో అందరికన్నా మెరుగు. కిటికీలోంచి బోర్డు చూసి, వరండా గచ్చు మీద బొగ్గుముక్కతో లెక్క చేసేది. సరిగ్గానే వచ్చేది. స్లిప్ టెస్టులో మాత్రం సున్నా. ఆ సున్నాలన్నీ ఇంటర్నల్ మార్కుల్లో కలుస్తాయి. అవి పోతే గ్రేడు పోతుంది. గ్రేడు పోతే ట్రిపుల్ ఐటీ సీటు పోతుంది. ఫీజు లేకుండా, తిండీ హాస్టలూ ఇచ్చి చదివించే చోటు దానికి అదొక్కటే.

ఓ సోమవారం కొత్త హెడ్మాస్టరమ్మగారు వచ్చారు. వస్తూనే అటెండరుతో, ఇకనుంచి గడియారం చూసి గంట కొట్టమన్నారు.

మర్నాడు గంట మోగింది. మేమంతా లోపలే ఉన్నాం... మాస్టారి బస్సు రాలేదు.

రత్నం లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టింది. బోర్డు మీద ఓ లెక్క రాసి, "స్లిప్ టెస్టర్రా, రాయండి" అంది.

కాసేపటికి తలుపు దబదబలాడింది.

"ఎవరే లోపల? తలుపు తీయండి."

"గంట కొట్టీసినారు సార్" అంది రత్నం. "తియ్యకూడదని మీరే కదా రాసినారు."

"ఎవత్తివే నువ్వు?"

"నూకరత్నాన్ని సార్. మీరు నిలబడ్డ కాడే రోజూ నిలబడతాను."

క్లాసంతా నోళ్ళు మూసుకుని నవ్వింది. వెనక బెంచీ నుంచి మా అప్పన్న గొంతు మార్చి, "సార్‌కి సున్నా ఎయ్యే" అన్నాడు. హెడ్మాస్టరమ్మగారు వరండాలోకి వచ్చి, చార్టు సంగతి విని, "అయితే టెస్టు అయ్యేదాకా ఆగండి మాస్టారూ" అన్నారు. ఆయన ఆగారు. కిటికీ ఊచల వెనక ఆ మొహం... ఇప్పటికీ తలచుకుంటే నాకు కడుపు నిండుతుంది.

పరీక్షల ముందు ఇంటర్నల్స్ తెలిశాయి. క్లాసులో అందరికన్నా తక్కువ రత్నానికే. ఎందుకని అడిగితే మాస్టారు తల ఎత్తకుండా ఒకే మాట అన్నారు... "ప్రవర్తన."

ఆ రూలు గోడ మీద లేదు.

హెడ్మాస్టరమ్మగారి దగ్గరికి పరిగెత్తాం. "ఆన్‌లైన్లో ఎక్కించేశారమ్మా, ఇక మారదు" అన్నారు ఆవిడ, కళ్ళు దించుకుని. పబ్లిక్ పరీక్షలో లెక్కల పేపరు రత్నం రాసినంత బాగా బళ్ళో ఎవరూ రాయలేదు. అయినా గ్రేడు ఒక మెట్టు జారింది. ట్రిపుల్ ఐటీ జాబితాలో దాని పేరు లేదు. ఇప్పుడు రొయ్యల కంపెనీలో తలలు తీస్తోంది.

తరవాత నేను దొరికిన కరపత్రమల్లా చదివాను. సమానత్వం, న్యాయం, హక్కులు... ఎన్ని చదివినా, నియమం రాసినవాడికి ఆ నియమం ఎందుకు వర్తించదో నాకు ఆ తలుపు దగ్గరే తెలిసింది.

మొన్న మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆహ్వానం వచ్చింది. మాస్టారు రిటైరవుతున్నారు, ఆదివారం సన్మానం, అందరూ ఆయనతో తీపి జ్ఞాపకాలు పంచుకోవాలట. రత్నానికి ఫోన్ చేశాను.

"ఒలే, ఇప్పుడెందుకే? పెద్దోడైపోనాడు. సాలువా కప్పుకోనీ" అంది.

"నీకు కోపం లేదా?"

"ఉన్నాది. షిఫ్టుకెల్లాల కదే, దానికి తీరికేది?"

నాకు తీరిక ఉంది. అందుకే ఈ పోస్టు రాశాను. అడిగారు కదా, ఇదే నా తీపి జ్ఞాపకం. నాకైతే తీపిగానే ఉంది.

కాలం మారింది... మా ఊరి దగ్గర విమానాశ్రయం లేచింది, రోడ్లు వెడల్పయ్యాయి. మా తరవాత ఆ ఇంటర్నల్ మార్కులే ఎత్తేశారు. ఇప్పటి పిల్లలకు ఆ భయం లేదు, సంతోషమే. మా రత్నం మార్కులు మాత్రం ఎవరూ తిరిగి వేయరు.

మీలోనూ ఏదో ఒక తలుపు బయట నిలబడ్డవాళ్ళు ఉండే ఉంటారు. మిమ్మల్ని నిలబెట్టినవాళ్ళ పేర్లు వద్దు... మీ పేర్లు కింద రాయండి. ఆదివారం నాడు మైకు అందుకుని, రత్నం పేరుతో మొదలుపెట్టి అన్నీ చదువుతాను.

మెడలో దండ, భుజాన శాలువా ఉన్న మనిషి సభ మధ్యలో లేచి వెళ్ళిపోలేడు కదా.